శ్రీపాద తీసిన నీడల సినిమా

మాదన్నపేట మార్కెట్ పక్కన చాయ్ హోటల్ల శ్రీపాద నోరు తెరిచిండంటే చేతిల చాయ్ సల్లారాల్సిందే. గుండయ్య అది తెలిసే, లాడ్ బజార్ల గాజుల దుకాణం కొడుకు మీద వదిలేసి వచ్చి కూసుంటడు. శ్రీపాద సినిమా తీసిన కళల జాతరల గుండయ్య బిడ్డ స్రవ్య కూడ వాయించింది. ఆ పిల్ల పోయినేడు డెంగీతో పోయింది. సినిమా చూపెట్టమని అడగడానికి గుండయ్యకు ఇన్నాళ్ళు మొహం చెల్లలే.

"జాతర యాకుత్‌పురాల మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీల పెట్టిన్రు సేఠ్. స్టేజి లేదు, టికెట్ లేదు, పర్మిషన్ అడుగుడు లేదు, ఎవ్వని పిచ్చి వానిది. అందరు మొహాలు తీస్తరు గదా, నేను తియ్యలే. కెమెరా గోడ దిక్కు తిప్పి ఒట్టి నీడలే తీసిన. చప్పుడు గిట్ల కూడ తీసేసిన. పొద్దంత పట్టుకున్నా చెయ్యి వణకలే," అన్నడు శ్రీపాద.

"గదేం డాక్యుమెంటరీ భాయ్?" అన్నడు హోటల్ నడిపే సామ్యూల్.

"ఎక్స్‌పెరిమెంటల్ అంటరు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? రైలుకు గోడ అదురుతున్నదని కిటికీలకెల్లి చెయ్యి అడ్డం పెట్టిన, రైలు ఆగింది. డ్రైవర్ దిగొచ్చి 'షాట్ హోగయా క్యా సాబ్' అని అడిగి, నేను సరే అన్నంకనే కదిలిచ్చిండు. కెమెరా కాలిపోతుంటే చాయ్‌ల ముంచిన, ఇంకింత సాఫ్‌గ తీసింది. జర్మనీల చూపెడితే జనం ఏడ్చి ఏడ్చి హాల్ల మోకాళ్ళ లోతు నీళ్ళు."

"ఈత కొట్టిన్రా?"

"నవ్వకు. సినిమా అయిపోయినంక నీడలన్ని తెర దిగి, నా ఎంబడి విమానం ఎక్కి, గీ బెంచి మీదనే కూసోని చాయ్ తాగి పోయినయ్."

అందరు నవ్విన్రు, గుండయ్య తప్ప. జాతర పొద్దు స్రవ్య 'ఒక్కసారి రా నాయినా' అని ఎంత బతిమాలింది. పగిలిన గాజులు తీగెలకు కట్టి వాయిస్తదట. గాజులమ్మేటోళ్ళ ఇంట్ల అపశకునమని పగిలిందన్న మాటే అనరు, పెరిగిందంటరు. అసుంటిది నలుగుర్ల మోగిస్తదా అని మొహం తిప్పుకున్నడు. పోయుంటే ఏం పోతుండె అని ఇప్పుడు రోజూ కుములుతడు.

"శ్రీపాదా, దిగొచ్చిన నీడలల్ల మా స్రవ్యది ఏది?" అని అడిగిండు.

శ్రీపాద తడబడుకుంట ఫోన్ల సినిమా పెట్టిండు. గోడ మీద నీడలు సప్పుడు లేకుండ కదులుతున్నయ్. "గీమెనే సేఠ్. కాదు, గా పక్కనామె." వేలు ఒక నీడ మీదికెల్లి ఇంకో నీడ మీదికి పోయింది, యాడా ఆగలే.

గుండయ్య ఫోను తిరిగి ఇచ్చేసిండు. "నేను రాకనే పోతిని. నువ్వు ఆడనే ఉండి గోడను చూస్తివి."