కృష్ణయ్య కొట్టిన జొహోర్ జింక

సింగపూర్ బుకిట్ బటోక్‌లో తన బ్లాకు కింద ఉన్న కాపీ కడలో, అదే కాఫీ కొట్టులో, ఆదివారం మధ్యాహ్నం పూట కృష్ణయ్య నోరు విప్పాడంటే పక్క బల్ల దగ్గర చదరంగమాడే చీనా తాతలు కూడా ఆట ఆపి అటు చూసేవాళ్ళు. భాష తెలియకపోతేనేం, ఆయన చేతులు చూస్తే చాలు, ఎంత లావు జంతువు చచ్చిందో తెలిసిపోయేది.

అరవై రెండేళ్ళ మనిషి. తండ్రి ఎప్పుడో విశాఖపట్నం రేవులో ఓడెక్కి మలయాలోని జొహోర్ రబ్బరు తోటలకి కూలికొచ్చాడు. కృష్ణయ్య ఆ తోటలోనే పుట్టి, పడుచుతనంలో సింగపూర్ చేరి, తెల్లవాళ్ళ నౌకా స్థావరంలో మందుగుండు గోదాములో పనికి కుదిరాడు. వాళ్ళు మూట కట్టుకుని పోయాక ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చెప్పుకోవడానికి ఆయన బతుకులో పెద్దగా ఏమీ లేదు, ఒక్క జింక తప్ప. ఆ జింకని ముప్పై నాలుగేళ్ళుగా చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా అది కొంచెం పెరిగేది.

ఆ ఏడు రెండువేల సంవత్సరం. జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం ఉత్తదని తేలిపోయింది, ఐటీ వాళ్ళకి నాలుగు దిక్కుల నుంచీ పిలుపులే పిలుపులు. ఆ రోజు కృష్ణయ్య ముందు ఇద్దరు కూర్చున్నారు. ఒకడు నూకరాజు, శ్రీకాకుళం వైపు మనిషి, షిప్‌యార్డులో వెల్డరు. క్రాంజీ డార్మిటరీ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది కాసిన్ని తెలుగు మాటల కోసం, సూరమ్మ వండే చేపల పులుసు కోసం. రెండోవాడు అనిల్‌కుమార్, నల్గొండ నుంచి వచ్చి పాయా లేబర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. పక్క బ్లాకులో అద్దెకుంటాడు. కృష్ణయ్య కథ వినడం అతనికి అదే మొదటిసారి.

సూరమ్మ బల్ల చివర కూర్చుని ఉంది. ముందే దిగొచ్చి, టిష్యూ పొట్లం పెట్టి ఆ బల్ల ఎవరూ కూర్చోకుండా చోప్ చేసి ఉంచింది ఆవిడే. కృష్ణయ్య భార్య, పైగా మేనమామ కూతురు. కథ జరుగుతున్నంతసేపూ ఎప్పుడూ ఒక్క మాట అనేది కాదు.

"ఇప్పుడు మీరంతా కీబోర్డులు నొక్కుతున్నారు గానీ బాబూ," అన్నాడు కృష్ణయ్య, అనిల్‌కుమార్ వైపు తిరిగి, "నా చేతులు నొక్కింది వేరు. తోటలో మాకో అమెరికా దొర ఉండేవాడు. టువాన్, టువాన్ అనేవాళ్ళం. ఆయన దగ్గర ఆరు గుళ్ళ రివాల్వరు ఒకటి, మాగ్నం అంటారు, ఇంత గొట్టం! తుపాకీతో అందరూ కొడతారోయ్, చేత్తో పట్టే పిస్తోలుతో జింకని కొట్టాలి, అదీ మగతనం అనేవాడు. సరే, కొట్టడానికి తూటాలేవీ? జొహోర్ మొత్తం గాలించినా ఆ సైజు దొరకదు. అప్పుడు దొర ఎవరికి కబురెట్టాడు? ఈ కృష్ణయ్యకి. కాల్చేసిన ఇత్తడి గుల్లలు ఏరి, కడిగి, అచ్చులో దూర్చి సరిచేసి, అడుగున కొత్త క్యాపు దిగ్గొట్టి, త్రాసులో మందు తూచి పోసి, నేనే పోతపోసిన సీసం గుండు మూతికి బిగించి ఇచ్చేవాణ్ణి. రెండు వారాలకోసారి బస్సెక్కి జలసంధి మీద కాజ్‌వే దాటి జొహోర్ వెళ్ళి, దొర బంగళా వరండాలో కూర్చుని ఒక్క పూటలో యాభై తూటాలు!"

"ఏ మందు బాబాయ్? సీసాలోదేనా?" అన్నాడు నూకరాజు. ఈ మాట వాడు ప్రతిసారీ అంటాడు.

"ఒరే, తాగే మందు కాదురా, పేలే మందు. తాగేది ఎక్కువైతే మనిషి పడతాడు, పేలేది ఎక్కువైతే..." కృష్ణయ్య ఒక్క గుటక కాపీ తాగాడు. "జింక పడుద్ది."

అనిల్‌కుమార్ నవ్వాడు. కృష్ణయ్యకి ఊపు వచ్చింది.

"ఒకనాడు పొద్దున్నే బయల్దేరాం, దొరా నేనూ. రబ్బరు చెట్ల వరస దాటి అడివి మొదలయ్యే చోట నిలబడుంది, రూసా అంటారు మలయ్‌వాళ్ళు, మన కణుజు. ఎంతుందనుకున్నావు? గుర్రమంత. కాదు కాదు, దాని మూపు ఇదిగో ఈ ఫ్యాను దగ్గరికి వస్తుంది. కొమ్ముల మీద రెండు కొంగలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా చేశాయి. దొర పేల్చాడు. నా తూటా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చచ్చింది," అన్నాడు అనిల్‌కుమార్.

"చావడం తర్వాత సంగతి లేవోయ్! గుండు ఇటు దూరి అటు తేలి, వెనకున్న రబ్బరు చెట్టుకి తగిలి, ఆ చెట్టు దాటి ఇంకో చెట్టు, అలా ఇరవై ఏడు చెట్లు. లెక్కెట్టుకొచ్చాను. ఆ పూట పాలు గీసేవాళ్ళకి కత్తితో పనే లేదు, ఇరవై ఏడు చెట్లకీ బాల్చీలు పెట్టుకుని కూర్చున్నారు. ఇక చప్పుడంటావా, అది సముద్రం దాటింది. ఇక్కడ నౌకా స్థావరంలో సైరన్ మోగించారు, జపానువాడు మళ్ళీ వచ్చాడని. మీ క్రాంజీలో ఉన్నాయి కదరా నూకరాజూ, యుద్ధంలో పోయిన సోల్జర్ల సమాధులు. వాళ్ళంతా ఒక్కుమ్మడిగా లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు, కావలివాడు కళ్ళారా చూసి నాకు చెప్పాడు!"

"ఓలమ్మో! నేను రోజూ ఆ పక్కనుంచే పోతాను, ఒక్కడూ లేవలేదు," అన్నాడు నూకరాజు.

"నీ వెల్డింగు చప్పుడుకి ఎవడు లేస్తాడ్రా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? తగిలిన దెబ్బకి జింక ఎగిరింది. ఎగిరి, జలసంధి మీదుగా పోయి ఈ ఒడ్డున పడింది. కస్టమ్స్ వాడు పట్టుకుని పాస్‌పోర్టు అడిగాడు. ఇంకో ఏడాది ఆగి ఎగిరుంటే నిజంగానే జైల్లో పెట్టేవాళ్ళు, అప్పటికింకా అక్కడికీ ఇక్కడికీ పాస్‌పోర్టు పెట్టలేదు కాబట్టి సరిపోయింది. దాని మాంసం బ్లాకు బ్లాకంతా మూడు రోజులు మకాన్, తిండే తిండి!"

నూకరాజు బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. పక్క బల్ల చీనా తాత కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. మామూలుగా కథ ఇక్కడితో ఆగిపోయేది. అందరూ నవ్వేవాళ్ళు, సూరమ్మ లేచి పులుసు గిన్నె తేవడానికి పైకి వెళ్ళేది.

కానీ అనిల్‌కుమార్ నవ్వడం ఆపి ముందుకు వంగాడు.

"అంకుల్, నిజంగనా మీరే తయారు చేసేటోళ్ళు? నేను వచ్చే వారం అమెరికా పోతున్న. పెన్సిల్వేనియాల ఆరు నెలల ప్రాజెక్టు. అక్కడ మా మేనేజరుకి ఇదే పిచ్చి. గ్యారేజీల కూచోని తూటాలు చేసుకుంటడట, రివాల్వరుతోనే జింకలు కొడ్తడట. వస్తే నీకూ నేర్పిస్తనని మెయిల్ పెట్టిండు." జేబులోంచి అరచేతిలో పట్టేంత డైరీ కంప్యూటరు తీసి, చిన్న పుల్లతో గీకడానికి సిద్ధమయ్యాడు. "ఆయన నేర్పేదాంక ఎందుకు? నేనే ఒక తూటా చేసి చేతిల పెడితే నోరెళ్ళబెట్టాలె. చెప్పండి అంకుల్, మందు ఎంత పోసేది?"

కృష్ణయ్యని ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. జింక ఎంత పొడుగు, కొమ్ములెన్ని, మాంసం ఎవరెవరు తిన్నారు, ఇవే అడిగేవాళ్ళు. ఎంత పోశావు అని అడిగినవాడు లేడు. తెలియదు బాబూ, మర్చిపోయాను, ఆ మేనేజరు చెప్పినట్టే చెయ్యి అంటే అయిపోయేది. అనాలనే నోరు తెరిచాడు. కానీ ఎదురుగా ఆ కుర్రాడి కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూశాక ఆయన నోరు ఆయన మాట వినలేదు.

"ఎంతేమిటి? పుస్తకంలో రాసినంత పోసేది పిరికివాళ్ళు. మనం దానికి రెట్టింపు! మూతి దాకా దట్టించి..."

అనిల్‌కుమార్ పుల్ల తెర మీద కదిలింది.

"రాయకు బాబూ," అంది సూరమ్మ.

గొంతు పెంచలేదు. అయినా ముగ్గురూ తిరిగి చూశారు. నూకరాజుకైతే ఆవిడ గొంతు ఆ బల్ల దగ్గర వినిపించడమే వింత.

"రాసింది కొట్టెయ్. జింక లేదు, ఏమీ లేదు. దొర ఈయన్ని ఒక్కసారి కూడా వేటకి తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళింది మా తమ్ముణ్ణి, సింహాచలాన్ని. అడివిలో అడుగు జాడలు పట్టడంలో వాడంతటి వాడు లేడు. ఇరవయ్యేళ్ళు వాడికి. ఈసారి జింక కనబడితే నువ్వే కాల్చరా అని దొర వాడి చేతికిచ్చాడు పిస్తోలు. రెండు పేలాయట. మూడోది చేతిలోనే పగిలింది. ఇనప ముక్క వచ్చి ఇక్కడ దిగింది." ఆవిడ గొంతు కింద వేలు పెట్టి చూపించింది. "జీపులో వేసుకుని జొహోర్ బారు ఆస్పత్రికి పోతుంటే దారిలోనే పోయాడు."

అనిల్‌కుమార్ చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. కృష్ణయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"తుపాకీ... తుపాకీ పాతది," అన్నాడు. "దొరే రాసిచ్చాడు పోలీసులకి. పాతదని రాసిచ్చాడు."

"దొరకి తెలీక రాసిచ్చాడు బావా. నేను చూశాను."

కృష్ణయ్య ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఆ వేళ నేనూ నీతో తోటకి, పుట్టింటికి వచ్చాను కదా, దొర వరండాలోకి నీకు టీ పట్టుకొచ్చాను," అంది సూరమ్మ. "చెక్కపలకలో గుల్లలన్నీ వరసగా నిలబెట్టుకుని ఒక్కోదాంట్లో మందు పోస్తున్నావు. చుట్టూ తోటవాళ్ళు పదిమంది కూర్చున్నారు. వాళ్ళకి నౌకా స్థావరం కబుర్లేవో చెబుతున్నావు. చెబుతూ చెబుతూ పోసిన గుల్లలోనే మళ్ళీ పోశావు."

అవును. ఆ పూట కబుర్లలో పడి ఏ గుల్ల దగ్గర ఆగాడో కృష్ణయ్యకి గుర్తు లేకపోయింది. ఆ మందు రకం అలాంటిది, పోస్తే గుల్లలో సగానికి కూడా రాదు. రెండోసారి పోసినా పొంగి బయటికి రాదు, కనబడదు. అందుకే సీసం గుండు బిగించే ముందు టార్చిలైటు వేసి ఒక్కో గుల్లలోకీ తొంగి చూడమని దొర నూటొక్కసార్లు చెప్పాడు. ఆ వేళ చూడలేదు. కథ మంచి పట్టులో ఉంది, జనం నవ్వుతున్నారు, ఆపి టార్చి వెతుక్కోవడానికి మనసొప్పలేదు. ఆ సాయంత్రం జీపు వెనక్కి వచ్చినప్పుడు, ఎవరూ ఏమీ చెప్పకముందే ఆయనకి తెలిసిపోయింది. ఈ సంగతి భూమ్మీద తన ఒక్కడికే తెలుసనుకుని ముప్పై నాలుగేళ్ళు బతికాడు. సూరమ్మ ఎదురుగా ఉంటే కథ ఇంకొంచెం గట్టిగా చెప్పేవాడు.

"సారీ అంకుల్," అన్నాడు అనిల్‌కుమార్. ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. రాసింది చెరిపేశానని తెర సూరమ్మకి చూపించాడు. ఆవిడ తలూపింది. "ఆ మేనేజరు నేర్పితే నేర్చుకో బాబూ. నేర్చుకునేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకు," అంది. అతను లేచి నిలబడ్డాడు. నూకరాజు కూడా లేచాడు, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి అతని వెనకే వెళ్ళిపోయాడు.

బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. కడవాడు వచ్చి ఖాళీ కప్పులు ఎత్తుకుపోయాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అన్నాడు కృష్ణయ్య. "రెండుసార్లు పోశావు బావా అని ఒక్క మాట అంటే..."

"నువ్వు మాట్లాడుతున్నావు కదా. నలుగురిలో మొగుడి మాటకి అడ్డం రాకూడదనుకున్నాను. పెళ్ళై ఏడాదైనా కాలేదు. అలా రెండుసార్లు పోస్తారేమో, అదీ పనిలో భాగమేమో అనుకున్నాను. నాకేం తెలుసు?"

"మరి ఎప్పుడు తెలిసింది?"

"తమ్ముడికి నీళ్ళు పోస్తున్నప్పుడు. ఆడవాళ్ళందరూ అనుకుంటున్నారు, మందు ఎక్కువైతేనే తుపాకీ అలా పగులుద్దని."

కృష్ణయ్య రెండు చేతులతోనూ మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఆయన గొంతు వేరే ఎవరి గొంతులాగో వచ్చింది.

"తెలిసి కూడా నాతో ఎలా కాపురం చేశావే సూరమ్మా? ముగ్గురు పిల్లల్ని కన్నావు. ప్రతి ఆదివారం ఇక్కడ కూర్చుని ఆ పాడు జింక కథంతా విన్నావు. ఒక్కసారైనా ఉమ్మెయ్యలేదు నా మొహాన."

సూరమ్మ పైన గుడ్డలు ఆరేసిన వెదురు గడల వైపు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడవాల్సింది ఎప్పుడో అయిపోయిన మనిషిలా ఉంది.

"నిన్నేమని అనను? నువ్వు కథ ఆపేస్తే నేను అసలు సంగతి మొదలెట్టాల్సి వచ్చేది," అంది. "నువ్వు పోశావు, నేను చూసి ఊరుకున్నాను. వాణ్ణి ఇద్దరం కలిసే చంపుకున్నాం బావా. ఇంకెవడితో చెయ్యమంటావు కాపురం?"

ఆవిడ లేచి, మోకాళ్ళు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, లిఫ్టు వైపు నడిచింది. కృష్ణయ్య ఆ కుర్చీలోంచి లేవలేకపోయాడు.