వరదయ్య రాజీనామాలు

కూచో లోహితా, ఆ స్టూలు మీద గాదు, అది కుంటుతాది, ఈ మంచం మీద కూచో. పాల సంఘం డైరెక్టరు పదవికి రాజీనామా చేసినావంట, అదీ వాట్సాప్ గ్రూపులో. ముగ్గురు చేతులు జోడించిన బొమ్మలు కూడా పెట్టినారంట. బాగుండాది. మే, గ్రూపులో పెడితే రాజీనామా అయిపోతాదా? బోర్డు కూచోవల్ల, నీ కాగితం చదవల్ల, ఆమోదిద్దామని ఒకరు ప్రతిపాదించల్ల, ఇంగొకరు బలపరచల్ల, చేతులెత్తల్ల. అంతదాకా నువ్వు డైరెక్టరువే, వెనక్కి తీసుకునే హక్కూ నీకుండాది. నేను ఐదుతోనే బడి మానేసినదాన్ని, అయినా సంఘం నిబంధనల పుస్తకం అట్టలూడేదాకా చదివినా. అందుకే వరదయ్య నన్ను పుస్తకాలమ్మా అనేవాడు. మెచ్చుకోని కాదులే, ఎగతాళికి.

వరదయ్య నీకు తెలీదు, నువ్వు పుట్టకముందు మాట. మన పాకాల సంఘంలో ఆయనా నేనూ ఒకే బోర్డు. నేను తూర్పంటే ఆయన పడమర. దాణా ధర పెంచితే రాజీనామా. పాల వ్యాను ఆలస్యమైతే రాజీనామా. ఒకతూరి కాపీలో చక్కెర ఎక్కువైందని కూడా చేసినాడు, నమ్ముతావా? బల్ల మీద గుద్ది, టవలు దులిపి భుజానేసుకోని, "నా రాజీనామా రాసుకోండప్పా" అనేవాడు. అప్పటి అధ్యక్షుడు మునిచంద్ర గొప్ప మాటకారి. అట్లే కానీ అబ్బా, ఎవురన్నా ప్రతిపాదిస్తారా, అని మెత్తగా అడిగేవాడు. ఇంగో డైరెక్టరు సుబ్బన్న నవ్వుతా ప్రతిపాదించేవాడు. బలపరిచేవాళ్ళు మాత్రం ఉండరు. "బలపరిచేవాళ్ళు లేరు, తీర్మానం పడిపోయింది, కాపీ తెప్పించండి." అంతే. గ్లాసు ఖాళీ అయ్యేలోపల ఆయన కోపం దిగేది, మళ్ళా నాతోనే దాణా ధర మీద కొట్లాట. నేనూ ఒక్కతూరి కూడా చెయ్యెత్తలా. చెయ్యి దురద పెట్టేదనుకో. కానీ ఆయన పోతే నేనెవురితో కొట్లాడేది?

ఒకరోజు పొద్దున పాల కేంద్రం వాకిట్లో ఎదురుపడినాడు, చేతిలో క్యాను. నన్ను తేరిపార చూసి, "ఎవురమ్మా నువ్వు?" అనినాడు. ఎగతాళేమో అనుకున్నా. కండ్లలో ఎగతాళి లేదు. నాగరత్నాన్ని, నీ పుస్తకాలమ్మని, అంటే కొంచేపు చూసి చూసి, మొగం చిన్నబుచ్చుకోని, ఎవురికీ చెప్పొద్దు అనినాడు. చెప్పలా. ఆ తర్వాత మీటింగులోనే రాజీనామా ఇచ్చినాడు. బల్ల గుద్దలా, టవలు దులపలా. మెల్లిగా లేచి, "ఈ తూరి నిజంగానేనప్పా, నన్ను వదిలిపెట్టండి" అనినాడు. అందురూ నవ్వినారు. సుబ్బన్న ఎప్పట్లాగే ప్రతిపాదించినాడు. మునిచంద్ర ఎప్పట్లాగే కాపీకి చెప్పబోతా ఉండాడు. వరదయ్య వాళ్ళెవురినీ చూడలా, నన్ను చూసినాడు. నేను చెయ్యెత్తినా. "బలపరుస్తా ఉండా." నవ్వు తెగిపోయింది. ఏం నాగరత్నమ్మా, పాత కక్ష తీర్చుకుంటా ఉండావా, అనినాడు మునిచంద్ర. బలపరిచినాక ఓటుకు పెట్టేది నీ పని, పెట్టు, అనినా. ఒక్క చెయ్యీ లేయలా. వరదయ్యే రెండు చేతులూ జోడించినాడు. అప్పుడు లేచినాయి, ఒకటొకటే, బరువుగా.

పోతా పోతా వాకిలి కాడ నిలబడి, "మే పుస్తకాలమ్మా, ఇన్నాళ్ళకి నా మాటకి చెయ్యెత్తినావు" అనినాడు. ఆ పొద్దు నేనెవురో గుర్తుండాది ఆయనకి. ఆయన కాలం చేసినాక కూడా ఊర్లో అనేవాళ్ళు, పెద్దాయన్ని నాగరత్నమ్మే వెళ్ళగొట్టిందని. అననీ అనుకున్నా. మతి తప్పినోడని అనిపించుకోకుండా, అందురికీ దండం పెట్టి నడిచిపోయినాడు గదా మనిషి. ఇప్పుడు ఆయనా లేడు, అనినోళ్ళూ లేరు కాబట్టి నీకు చెప్తా ఉండా. ఆ తర్వాత ఆ కుర్చీలోకి ఎవురెవురో వచ్చినారులే, నేను తూర్పంటే వాళ్ళూ తూర్పే. ఏం రుచి?

నీది ఏ రాజీనామానో నాకు తెలీదు లోహితా. బల్ల గుద్దేదా, మెల్లిగా లేచేదా. ఆ, ఉండుండు, ఇప్పుడే చెప్పొద్దు. ముందు ఆ కాపీ తాగు, చల్లారిపోతా ఉండాది.