బువ్వ తిన్నావా తల్లీ

రికార్డింగ్ స్టూడియోలో నేల తుడిచే ఆయన సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలుపుకు లోపల గడియ వేసి ఉంది. పొట్ట చేత పట్టుకుని వాళ్లు ఈ ఊరు వచ్చి నాలుగేళ్లయింది. వెలుతురు ఉండగా ఆ గడియ పడటం ఇదే మొదటిసారి. రెండుసార్లు పేరు చెప్పాక గానీ భార్య తలుపు తీయలేదు.

"పాప రెండో చెప్పు ఏదీ?"

"పోయింది."

"పోవడమేంటి? కొని నెల కాలేదు. అప్పుడే పారేసిందా?"

"పారెయ్యలేదు. బస్సులో ఉండిపోయింది. మెల్లిగా మాట్లాడు, ఇప్పుడే నిద్రపోయింది."

"ఈ వేళప్పుడు నిద్రేంటి? జ్వరమా?"

"ఏడ్చి ఏడ్చి పడుకుంది. మమ్మల్ని బస్సులోంచి దింపేశారు."

"టికెట్ తీసుకోలేదా?"

"తీసుకున్నాను."

"మరి? ఎవరితోనైనా గొడవ పెట్టుకున్నావా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నీకెన్నిసార్లు..."

"నోరు కుట్టేసుకునే కూర్చున్నానయ్యా. బస్సెక్కితే మన భాషలో ఒక్క ముక్క మాట్లాడతానా? దానితోనూ సైగలే."

"మరి దేనికి దింపారు?"

"ఆ సినిమా వచ్చింది కదా. బాంబులు పెట్టేవాళ్లది. ఊరంతా అదే చూస్తోంది."

"మనకెందుకే సినిమాల గోల."

"విను. ముందు సీట్లో ఒకతను ఫోన్లో అదే పెట్టాడు. అందులో ఒకడు బాంబు మీద చెయ్యి పెట్టి, పళ్లు కొరుకుతూ రెండు ముక్కలంటాడు. వెంటనే బజారు బజారంతా పేలిపోతుంది."

"స్టవ్ మీద ఏదో మాడుతున్నట్టుంది చూడు..."

"స్టవ్ వెలిగించనే లేదు. మాట దాటెయ్యకు. వాడు మన భాషలో మాట్లాడాడు."

"అలాగా. ఏమన్నాడు?"

"నీకు తెలీదూ?"

"నేను సినిమా చూస్తేగా!"

"చూడక్కర్లేదు. ఆ చెప్పులెక్కడివి?"

"చెప్పులా? అదే... పని ఎక్కువ చేశానని స్టూడియోలో డబ్బులిస్తే కొన్నానని చెప్పాగా."

"ఏం పని?"

"పనంటే... పనే."

"నీళ్లు నమలకు. ఏం పనయ్యా?"

"అరవకే, పక్కవాళ్లు వింటారు. ఆ వేషం వేసినవాడికి మన భాష రాదు. సౌండ్ ఇంజనీరు, తుడుస్తున్నవాణ్ని పిలిచి, 'మీ భాషలో ఏదో ఒకటి అనవయ్యా, ఎవడికర్థమవుతుంది, కోపంగా ఉంటే చాలు' అన్నాడు. మైకు ముందు నిలబడేసరికి బుర్రలో ఏమీ లేదు. రోజూ గుమ్మంలో అనేదే నోటికొచ్చింది."

"బువ్వ తిన్నావా తల్లీ, నాన్న వచ్చేశాడు."

"ఇంకా కోపంగా, ఇంకా కోపంగా అని ఏడుసార్లు అనిపించారే. ఎవర్నీ తిట్టలేదు, చంపుతాననలేదు. బువ్వ తిన్నావా అన్నాను. అందులో తప్పేముంది?"

"ఆ మాటకి బస్సంతా బిగుసుకుపోయిందయ్యా. ఒకావిడ గుండె మీద చెయ్యేసుకుంది. బువ్వ తిన్నావా అంటే!"

"అయితే మాత్రం? తెర మీద పేరు కూడా వెయ్యలేదు. ఇంత ఊళ్లో నా గొంతు గుర్తుపట్టేదెవరు?"

"నీ కూతురు."

"ఏంటీ?"

"కిటికీలోంచి చూస్తున్నదల్లా చటుక్కున తిరిగి, 'తిన్నా నాన్నా!' అని కేక పెట్టింది. బస్సంతా వినేట్టు. మా నాన్నే, మా నాన్నే అని ఈ ఊరి భాషలో అందరికీ చెబుతూ చప్పట్లు కొట్టింది."

"దేవుడా! దాని నోరు ముయ్యలేకపోయావా?"

"మూశాను. అప్పటికే చుట్టూ చేరారు. బస్సు ఆపించి కిందికి లాగారు. చెప్పు అక్కడే ఊడింది."

"కొట్టారా?"

"నన్ను తోశారు. దాన్నెవరూ ఏమీ అనలేదు."

"హమ్మయ్య, అంతటితో పోయింది. నాలుగు రోజులు గడప దాటొద్దు. వాళ్లే మర్చిపోతారు. మన ఇల్లు తెలుసా, వాకిలి తెలుసా, ఎక్కడని వెతుకుతారు?"

"ఒక పెద్దాయన దాని పక్కన గొంతుక్కూర్చుని, బుగ్గ నిమిరి, 'మీ నాన్న ఎక్కడుంటాడు బంగారం' అనడిగాడు. ఎంత మెత్తగా అడిగాడో."

"చెప్పలేదు కదా? ఆరేళ్ల పిల్ల, దానికేం తెలుసు?"

"తప్పిపోతే చెప్పమని రోజూ పడుకునే ముందు మనమే వల్లె వేయించాం కదయ్యా. వీధి పేరు, ఎన్నో అంతస్తు, తలుపు నంబరు... ఒక్కటి తప్పకుండా గడగడా ఒప్పజెప్పింది."