ఆరో నిమిషపు ఊపిరి

1991 జూన్ 17వ తేదీన మా పరిశోధనాలయంలో ఎక్స్-రే సహాయకురాలిగా విధుల్లో చేరిన మా అక్కయ్యగారు, ముప్పై నాలుగేళ్ల అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. హోదాకు సీనియర్ టెక్నీషియన్ అయినా, వాచ్‌మన్ మొదలు డైరెక్టరుగారి వరకు అందరికీ ఆమె అక్కయ్యే. ఆమె చేత అందరికంటే ఎక్కువ చీవాట్లు తిన్నవాణ్ణి గనుక ఈ నాలుగు మాటలు రాసి ఈ వీడ్కోలు సభలో చదివే భాగ్యం నాకు దక్కింది.

1998లో మెదడు స్కానింగ్ విభాగం ప్రారంభమైన నాటి నుంచి ఆ గదికి ఆమే పెద్దదిక్కు. యంత్రంలోకి వెళ్లేవారి ఉంగరాలు, పిన్నీసులు తీయించడం, కాళ్లపై దుప్పటి కప్పడం, బెదిరినవారికి ధైర్యం చెప్పడం ఆమె నిత్యకృత్యం. 2006లో ఊపిరిని నమోదు చేసే ఛాతీ పట్టీలు వచ్చాక, పట్టీ ఒక్క వేలు వదులైనా ఆమె ఒప్పుకునేవారు కారు.

ఆ పట్టీల పుణ్యమా అని నా పని సాగింది. ఊపిరి మారినప్పుడు మెదడు చిత్రంలో కలిగే సూక్ష్మమైన మార్పులను ఆ రికార్డుల సాయంతో కంప్యూటరుకు నేర్పి, పట్టీలు లేని కాలపు స్కాన్ల నుంచి సైతం మనిషి ఎలా ఊపిరి తీశాడో రాబట్టడం నా బాధ్యత. అటువంటి పాత స్కాన్లు మూడు వందల పన్నెండు. మతిమరుపు వ్యాధితో బాధపడిన ఆ మనుషుల్లో చాలామంది నేడు లేరు. మళ్లీ స్కాన్ తీసే అవకాశమే లేదు.

తీరా చూస్తే, పన్నెండు నిమిషాల ఆ స్కాన్లలో దాదాపు అన్నింటా సరిగ్గా ఆరో నిమిషాన ఒక దీర్ఘశ్వాస! అంతమందీ కూడబలుక్కున్నట్టు ఒకే నిమిషంలో గట్టిగా ఊపిరి పీల్చడమేమిటి? నా ప్రోగ్రాం పప్పులో కాలేసిందని తేల్చుకుని, ఆ స్కాన్లన్నీ పక్కన పెట్టేయక తప్పదని మొన్నామధ్య మా విభాగపు సమావేశంలో తలవంచుకుని నివేదించాను.

వెనక వరుసలోంచి అక్కయ్యగారు లేచారు.

"నీ కంప్యూటరు తప్పేం లేదు తమ్ముడూ. తప్పు నాదే. అప్పట్లో లోపలివాళ్లు ఎలా ఉన్నారో నాకు తెలిసేది కాదు. అందుకని మధ్యలో మైకులో అనేదాన్ని, 'సగం అయిపోయిందండీ, ఒక్కసారి గుండెనిండా ఊపిరి తీసుకోండి' అని. పట్టీలొచ్చాక తెరమీదే కనబడేది కదా, మానేశాను."

స్కాన్ నడుస్తుండగా మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం. పదవీ విరమణకు ఆరు వారాల ముందు, ఎవరూ అడగకుండానే ఆమె ఆ సంగతి ఒప్పుకున్నారు. హాజరు రిజిస్టరు తెప్పించి చూశాం. ఆమె సెలవులో ఉన్న రోజుల్లో తీసిన స్కాన్లు పంతొమ్మిది. ఆ దీర్ఘశ్వాస లేనివి సరిగ్గా అవే. అంటే నా ప్రోగ్రాం చూపింది నిజమైన ఊపిరే. మూడు వందల పన్నెండూ నిలిచాయి.

నిబంధన నిబంధనే గనుక ఆమెకు మెమో ఇచ్చారు. రద్దు చేయిస్తానని డైరెక్టరుగారు స్వయంగా అంటే, "ఉండనివ్వండి సార్, చేశాను కదా. మాట్లాడకపోతే పాపం వాళ్లు హడలిపోయేవాళ్లు" అన్నారు. ఈ సంగతి విన్న బావగారు మాత్రం, "మెమోలు ఇంట్లో నాకే అనుకున్నా, ఆవిడకీ ఇచ్చేవాళ్లున్నారన్నమాట!" అని తెగ సంబరపడ్డారు.

అక్కయ్యగారూ, మీ మాట విని రెండు వందల తొంభై మూడు మంది తీసుకున్న ఊపిరి మా దగ్గర భద్రంగా ఉంది. వాళ్లలో చాలామంది ఇవాళ ఈ సభకు రాలేరు. వాళ్ల తరఫున కూడా మేమే కోరుకుంటున్నాం: ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండండి.