నలభైయొకటో మేకు

1971 నవంబరు ఒకటో తేదీన శ్రీ ఉస్మాన్ సాబ్ గారు ఆదోనిలోని మన జిన్నింగు మిల్లులో టైమ్‌కీపరుగా చేరారు. అంతకుముందు పద్దెనిమిది రోజులు అదే గేటు బయట నిలబడ్డారు. ఎమ్మిగనూరులో మగ్గం ఆగిపోయి వచ్చిన ఆయనకు, పని పోయిన మనిషికి తన చేతులే బరువవుతాయని ఆ రోజుల్లోనే తెలిసింది.

పత్తి వస్తే మిల్లు, పత్తి అయిపోతే వలస. సీజను ముగిసిన రోజున కూలీల ఇత్తడి నంబరు బిళ్ళలు వెనక్కి తీసుకోవడం, మళ్ళీ తెరిచినప్పుడు ముందు వచ్చినవారికి ఇవ్వడం ఆనవాయితీ. 1974లో సాబ్ గారు యాజమాన్యాన్ని ఒప్పించి, బిళ్ళలను కూలీలతోనే ఇళ్ళకు పంపించారు. కొంగున బిళ్ళ ఉన్న మనిషి పని పోగొట్టుకున్న మనిషి కాదు, పని కోసం ఎదురుచూసే మనిషి. ఎంత చిన్న మార్పు, ఎంత పెద్ద ధైర్యం!

1979 సీజనుకు మిల్లు మళ్ళీ తెరిచారు. పనికి వచ్చిన గుర్తుగా అందరి బిళ్ళలూ గేటు దగ్గరి మేకులకెక్కాయి, నలభైయొకటో మేకు తప్ప. అది మిషనుకు పత్తి ఎక్కించే హులిగమ్మది. ఆమె కౌతాళం వరికోతలకు పోయి రాలేదు. గేటు బయట ఇరవైమంది కాచుకొని ఉన్నారు.

"ఆ మేకుకు ఇంకొకరిని పెట్టుకో అప్పా," అన్నారు మేనేజరు వెంకటసుబ్బయ్య గారు.

"వస్తాంది సార్. కౌతాళంలో బస్సెక్కింది," అన్నారు సాబ్ గారు.

నాలుగో రోజూ అదే జవాబు.

"బస్సులో వస్తాందా, పొర్లుదండాలు పెట్టుకుంటా వస్తాందా? ఇంకో మూన్నాళ్ళు సూస్తా. రాకుంటే పేరు కొట్టేస్తా."

ఆ ఏడు రోజులూ సాబ్ గారు మిల్లు సైరను కూతకూ కూతకూ మధ్య హులిగమ్మ మిషను దగ్గర నిలబడి తానే పత్తి ఎక్కించారు. "పని బాగుండాది సాబ్, గాజులొకటే తక్కువ!" అని ఆడవాళ్ళు ఎగతాళి చేశారు. ఆయన నవ్వారు గానీ, గేటు బయట కాచుకున్నవారి ముఖాల్లో తన ముఖమే కనిపించి, ఇంటికి పోతే అన్నం సహించేది కాదు.

ఏడో రోజు కూతకు ముందు హులిగమ్మ పరుగెత్తుకొచ్చింది. జుట్టులో గడ్డిపోచలు, పిడికిట్లో బిళ్ళ.

"కొట్టేసినారా సాబ్ పేరు?"

"అడిగేదేంది, మేకు సూడు!"

ఆ పూట ఆడవాళ్ళ కేకల్లో మిషన్ల చప్పుడు వినపడలేదు. మరుసటి ఏడు నుంచి బయట నిలబడేవారికీ ఆయన వరుస చీటీలు ఇప్పించారు.

పద్దెనిమిదేళ్ళ సేవ ముగించి, నిన్న ఆయన మొదటి మేకు నుంచి తన బిళ్ళను తీసి ఆఫీసులో అప్పగించబోయారు. హులిగమ్మ అడ్డం నిలబడింది.

"ఆఫీసుకెందుకు సాబ్? ఇంటికి తీసకపో. సీజను అయిపోయింది, అంతే గదా!"

ఆ బిళ్ళ జేబులో ఉండగా, శ్రీమతి నసీబ్‌బీ గారు తోడుగా, ఉస్మాన్ సాబ్ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాము. మొదటి మేకును ఎవరికీ ఇవ్వము.