రాగి తినే పురుగుల గుట్ట

టీకొట్టు నడిపే ఆవిడ తమ్ముడు సోమవారం రాగి గనిలో పనికి చేరుతున్నాడని ఎవరో అన్నారు. అంతే, ఆ గనిలోనే పనిచేసే పంపుల మేస్త్రీ బెంచీ మీద సర్దుక్కూర్చున్నాడు.

"గుట్ట దగ్గరికేనా? అయితే విను చెల్లెమ్మా. అక్కడ కొలిమి లేదు, మంట లేదు. రాయిని నలగ్గొట్టి గుట్టగా పోస్తారు, పైన యాసిడ్ నీళ్ళు చల్లుతారు. అందులో కంటికి కనపడని పురుగులుంటాయి. అవి రాయిని తింటుంటే రాగి కరిగి, నీలంనీళ్ళై కింది మడుగులోకి దిగుతుంది. ఓరోజు పైన గొట్టం పూడుకుపోయింది. ఎవరూ ఎక్కనంటే నేనెక్కాను. కాలు పెడితే వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన ఒళ్ళులాగా."

"రాయి వెచ్చగానా?" అంది ఆవిడ, గ్లాసులు కడగడం ఆపి.

"పురుగులు పనిలో ఉంటే వేడెక్కుతుంది మరి. చెవి ఆనించాను. కరకరా నములుతున్న చప్పుడు. లేచి చూద్దును కదా, బూటు మేకులు లేవు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బెల్టు బకిల్ పోయింది, చేతిలో రెంచి సగమైంది, జేబులో తాళంచెవులు నీళ్ళై తొడ మీదుగా కారాయి. ఇంతలో గుట్ట గట్టిగా ఊపిరి పీల్చింది. పీల్చి, కదిలింది. ఎటు? ఊళ్ళోకి. కరెంటు తీగల్లో రాగి వాసన తగిలిందిగా దానికి. నేను ఎదురెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ముందు నన్ను తినమన్నాను. నా ముఖం చూసి ఆగిపోయింది."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "మావాణ్ణి వెళ్ళొద్దంటాను" అంది మెల్లగా.

మూల కూర్చున్న వెల్డరు టీ గ్లాసు కింద పెట్టాడు. అతని ఎడమ కన్ను పాలలా తెల్లగా ఉంటుంది.

"ఆ పురుగులు మనిషినేం చెయ్యవమ్మా. భయపడాల్సింది యాసిడ్‌కి. ఆరోజు గుట్ట ఎక్కింది నేను. గొట్టం పగిలి యాసిడ్ ముఖాన పడింది. కళ్ళు కనపడక తడుముకుంటూ దిగొచ్చి పంపు గది తలుపు కొట్టాను. మంచినీళ్ళ కుళాయి ఆ గదిలోనే ఉంది. మా బావ లోపల గడియ పెట్టుకున్నాడు. తలుపు తియ్యి బావా, తలుపు తియ్యి బావా అంటూనే ఉన్నాను."

మేస్త్రీ బెంచీ అంచు పట్టుకున్నాడు.

"నీ అరుపు విన్నాక కాళ్ళు కదల్లేదురా. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా తలుపు కొడితే లేచి తియ్యలేను."

వెల్డరు అతని వైపు చూడలేదు. ఆవిడతోనే అన్నాడు.

"తమ్ముణ్ణి వెళ్ళనీ తల్లీ. గనిలో ఇచ్చే కళ్ళద్దాలు మాత్రం తియ్యొద్దని చెప్పు. కింద పంపు దగ్గర ఎవరుంటారో కనుక్కున్నాకే పైకెక్కమను."