ఫీలిక్స్ రోబిలార్డ్ గారు పెట్టని సంతకం

1986 మే ఏడవ తేదీన, కెనడాలోని అథబాస్కా సరస్సుపై మంచు ఇంకా పూర్తిగా విడవకముందే, శ్రీ ఫీలిక్స్ రోబిలార్డ్ గారు స్వాన్‌బే యురేనియం శుద్ధి కర్మాగారంలో నమూనాల సహాయకులుగా ప్రవేశించారు. నల్లగా, చేతికి బరువుగా తగిలే పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజపు రాయిని పొడిచేసి, సంచికెత్తి, చీటీ అంటించడం ఆనాటి వారి విధి. ఐదేళ్లలో ఒక్క చీటీ కూడా తారుమారు కాలేదన్న ఖ్యాతితో 1991లో ప్రయోగశాలకు పదోన్నతి పొందారు.

చిక్కంతా అక్కడే వచ్చిపడింది. ఆమ్లంలో నానిన ఖనిజపు పిండిలో యురేనియం ఇంకెంత మిగిలిందో తేల్చే పరీక్షలో, బొట్టుబొట్టుగా రసాయనం కలుపుతూపోతే ఆఖరి బొట్టుకు ద్రావణం ఊదారంగుకు తిరగాలి. ఫీలిక్స్ గారి కంటికి ఆ ఊదా, అంతకుముందరి బూడిదరంగు ఒక్కటే. ఈ లోపం బయటపడితే ఉద్యోగం ఊడుతుందనీ, సొంతూరు ఫాన్‌డులాక్‌లో ఇద్దరు పిల్లలతో ఉన్న ఇల్లు గడవదనీ వారి భయం. అందుచేత ప్రతి పరీక్షకూ, తన వంతులోనే పనిచేసే పక్కబల్ల శ్రీమతి అడెల్ మెర్క్రెడీ గారిని “అక్కా, ఇటోసారి చూడు” అని పిలిచేవారు. ఆమె అది అతిజాగ్రత్త అనుకుని, విసుక్కుంటూనే వచ్చి చూసిపోయేవారు. ఇలా ఏడేళ్లు గడిచాయి.

1998 ఫిబ్రవరిలో ఒకనాడు, సెలవు ముగించి పనికి తిరిగి రావడానికి అడెల్ గారు ఎక్కవలసిన విమానం పొగమంచు వల్ల రాలేదు. ఫీలిక్స్ గారు ఒంటరిగా మూడుసార్లు పరీక్షించగా మూడు వేర్వేరు అంకెలు వచ్చాయి. తొట్టెడు పిండిని తిరిగి ఆమ్లంలోకి పంపాలో, వ్యర్థాల గోతిలో పారబోయాలో ఆ అంకే నిర్ణయిస్తుంది. మధ్య అంకె వేసి సంతకం పెడితే అడిగే నాథుడు లేడు. వారు కలం బల్లమీద పెట్టి, ప్రయోగశాలాధిపతి వెర్నన్ ప్రాట్ గారి గదికి నడిచారు.

“సార్, ఆ రంగు నాకు కనపడదు. ఇన్నాళ్లూ అడెల్ అక్క కళ్లతో నెట్టుకొచ్చాను. తీసేస్తే తీసేయండి, ఈ అంకె మీద మాత్రం నాచేత సంతకం పెట్టించకండి.”

ప్రాట్ గారు ఆ తొట్టిని ఆపించి, ఫీలిక్స్ గారిని ఆరు వారాలు బల్లకు దూరంగా ఉంచారు. మరుసటి దినం దిగిన అడెల్ గారు విషయం విని, “ముందే చెప్పి ఏడిస్తే నాకీ ఏడేళ్ల నడక తప్పేదిగా తమ్ముడూ!” అని తిట్టి, ఎండబెట్టిన కారిబూ జింక మాంసం చేతిలో పెట్టారు.

అనంతరం రంగుతో నిమిత్తం లేక, ముల్లు కదలికతో ఫలితం చూపే యంత్రం వచ్చింది. దానిపై ఫీలిక్స్ గారు సాధించిన నైపుణ్యం అనతికాలంలోనే తోటివారికి ప్రమాణమైంది. 2009లో ప్రాట్ గారు పదవీ విరమణ చేస్తూ, తన స్థానానికి వారి పేరునే సూచించారు. కారణం అడిగిన యాజమాన్యానికి ఆయన ఇచ్చిన సమాధానం ఒక్క వాక్యమే: “తనకు తెలియనిది తెలియదని చెప్పినవాడు ఇక్కడ నాకు అతనొక్కడే కనిపించాడు.”

ముప్పైమూడేళ్ల సేవలో వేలాది పత్రాలపై సంతకం చేసి, నేడు పదవీ విరమణ చేస్తున్న ఫీలిక్స్ గారిని, చేయకుండా వదిలిన ఆ ఒక్కదాని కొరకు ఈ ప్రయోగశాల ప్రత్యేకంగా అభినందిస్తున్నది. ఇకపై ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని ఉదయాలు వారికి సరస్సు ఒడ్డున ఆరోగ్యంతో, ఆయుష్షుతో నిండుగా దొరకాలనీ, నిర్భయంగా నిద్రలేచే ఆ సుఖం వారికి కలకాలం నిలవాలనీ మనసారా కోరుకుంటున్నాము.